వెనక్కి ఎక్కిన నీళ్లు: నడిగడ్డలో ఒక ఊరి ముంపు మోడల్

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేలను మా దిక్కు నడిగడ్డ అంటారు. గద్వాల, అలంపూర్ ప్రాంతం, పాత మహబూబ్‌నగర్ జిల్లాకు దక్షిణపు కొస. అలంపూర్‌కు దగ్గర్లో తుంగభద్ర ఒడ్డున ఉన్న ఒక ఊరికి ముంపు మోడల్, అంటే ఎంత వరదకు నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో కంప్యూటర్‌లో వేసే లెక్క, చేసిన వివరం ఇది. ఊరి పేరు రాయడం లేదు. ఏ సర్వే నంబరు మునుగుతుందో బయటపడితే ప్లాట్ల ధరలు, బ్యాంకు లోన్లు తారుమారవుతాయని ఊరివాళ్లు మొదటి రోజే చెప్పారు. వాళ్ల భయం సబబే.

పని అడిగింది పంచాయతీ. కొత్త బడి గదులు ఎక్కడ కట్టాలి, పెద్ద వరదొస్తే ఏ వీధివాళ్లను ముందు లేపాలి, ఎంత ముందుగా లేపాలి అన్నవి వాళ్ల ప్రశ్నలు. అప్పటికే వాళ్ల దగ్గర ఒక ముంపు మ్యాప్ ఉంది. రంగులేసి, ఫ్రేము కట్టి ఆఫీసు గోడకు తగిలించారు. ఎవరు గీశారన్నది ఇక్కడ అనవసరం. ఆ మ్యాప్‌లో నదికి ఆనుకున్న పొలాలు ఎర్రగా ఉన్నాయి, వాగు పక్కన ఉన్న కింది వీధి పచ్చగా, అంటే భద్రంగా ఉంది. 2009లో ఆ వీధిలో నీళ్లు నడుము దాటాయి. అందుకే ఆ మ్యాప్‌ను ఊర్లో ఎవరూ నమ్మరు, కానీ గోడ మీద నుంచి దించనూ లేదు.

2009 సంగతి నడిగడ్డ మరిచిపోదు. అంతకుముందు వానల్లేక పైర్లు ఎండుతున్నాయి. సెప్టెంబరు చివర్లో ఉత్తర కర్ణాటకలో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒక్కసారిగా కుండపోత పట్టుకుంది. అక్టోబరు 2న కర్నూలు టౌన్ మునిగింది. రాజోలిలో మగ్గాలు, ఇళ్లు పోయాయి. అలంపూర్‌లోకి నీళ్లొచ్చాయి. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ఇన్‌ఫ్లో వచ్చి, నిండు మట్టం 885 అడుగులైన జలాశయం 896.5 అడుగులకు ఎక్కింది. అంటే మూడున్నర మీటర్లు అదనం. ఈ కేసంతా ఆ మూడున్నర మీటర్ల చుట్టూనే తిరుగుతుంది.

ఊర్లో మొదట మాట్లాడిన పెద్దాయన ఇల్లు వాగు ఒడ్డునే. నది ఏ వైపు నుంచి వచ్చిందని అడిగితే నవ్వాడు. "పై నుంచి రాలే సారూ. నది చప్పుడే లేదు. వాగులకెల్లి ఎనక్కి ఎక్కినై. వాగు ఉల్టా పారంగ నేను ఎన్నడు చూడలే" అన్నాడు. గోడ మీది మ్యాప్‌లో లోపం ఎక్కడుందో ఆ మాటతోనే తెలిసిపోయింది.

తీరంలో నేర్చింది

నేను ఈ పని నేర్చుకున్నది సముద్రం ఒడ్డున, ఉప్పెన మోడళ్ల మీద. అక్కడి లెక్క కొంచెం చెప్పకపోతే ఇక్కడ చేసింది అర్థం కాదు.

తుఫాను మధ్యలో గాలి ఒత్తిడి తగ్గితే సముద్రం కాస్త పొంగుతుంది. ఒక మిల్లీబార్ తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు. ఆ లెక్కన యాభై అరవై మిల్లీబార్లు పడిపోయినా పెరిగేది అర మీటరు పైచిలుకే. మిగతా పనంతా గాలిది. గాలి నీటిని తీరం మీదికి తోస్తుంది. ఆ తోపుడు గాలి వేగం వర్గంతో పెరుగుతుంది, నీటి లోతు ఎంత తక్కువైతే నీటిమట్టం అంత లేస్తుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలి, 20 మీటర్ల లోతున్న 50 కిలోమీటర్ల సముద్రం మీద వీస్తే, కాగితం మీద లెక్కేసినా రెండు మీటర్ల దాకా వస్తుంది. దానికి పోటు తోడైతే ఇంకా పైకి. 1977 నవంబరు 19న తుఫాను చీరాల దగ్గర తీరం దాటితే, వేల ప్రాణాలు పోయింది దివిసీమలో. ఎందుకంటే మన తీరంలో తుఫాను దారికి కుడివైపున, అంటే ఉత్తరాన, గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమవైపున నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది, అక్కడ నీళ్లు వెనక్కి పోతాయి. తుఫాను దారి యాభై కిలోమీటర్లు జరిగితే, మునగాల్సిన ఊరు మారిపోతుంది.

అందుకే ఉప్పెన మోడల్ చేసేవాళ్లు ఒక్క జవాబు ఇవ్వరు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వపు సముద్ర సమాచార సంస్థ) ఉప్పెన హెచ్చరికలకు ఆడ్‌సర్క్ అనే మోడల్ వాడుతుంది. లోతు సముద్రంలో పెద్దవిగా, తీరం దగ్గర చిన్నవిగా ఉండే త్రిభుజాల వల మీద అది నీటి సమీకరణాలు విప్పుతుంది. అదే సంస్థ సునామీ హెచ్చరికకు, భూకంపం వచ్చాక లెక్క మొదలుపెట్టకుండా, వచ్చే వీలున్న భూకంపాలన్నిటికీ ముందే లెక్కలు వేసి దాచిపెట్టుకుంటుంది. అసలుది వచ్చినప్పుడు దానికి దగ్గరి లెక్క బయటికి తీస్తుంది. అమెరికావాళ్లు స్లాష్ మోడల్‌తో తుఫానులకూ ఇదే పద్ధతి వాడతారు.

తీరంలో పనిచేసినవాడికి ఇంకొక సంగతి బాగా తెలుస్తుంది. ఉప్పెన ఎత్తుగా ఉన్నంతసేపు డెల్టాలోని మురుగు కాలువలు సముద్రంలోకి దిగవు. కాలువ మూతి దగ్గర నీటిమట్టం ఎంతుందన్నదాన్ని బట్టే, పదుల కిలోమీటర్ల ఎగువన పొలం మునిగేదీ తేలేదీ తేలుతుంది. మోడల్ భాషలో దాన్ని దిగువ హద్దు అంటాం. నడిగడ్డకు సముద్రం లేదు. దాని దిగువ హద్దు శ్రీశైలం జలాశయం.

గోడ మీది మ్యాప్ గీసినవాళ్లు ఆ హద్దు దగ్గర నది వాలు ఎంతో ఒక అంకె ఇచ్చి, నీళ్లు తమ దారిన తాము పోతాయని వదిలేశారు. సాఫ్ట్‌వేర్‌లో అది అన్నిటికన్నా సులువైన పద్ధతి, అడ్డంకి లేని నదికి సరిపోతుంది కూడా. తుంగభద్ర ఇక్కడ అడ్డంకి లేని నది కాదు.

నేల లెక్క

సాఫ్ట్‌వేర్ హెక్‌రాస్. అమెరికా సైన్యపు ఇంజనీర్లు ఉచితంగా ఇచ్చేది, 2016 నుంచి అందులో రెండు దిక్కుల లెక్క, అంటే నీళ్లు నది పొడవునే కాక పక్కలకూ ఎలా పారతాయో చూసేది, ఉంది. ఉప్పెన మోడల్ విప్పేదీ, ఇది విప్పేదీ మూలంలో ఒకే సమీకరణాలు. ఇక్కడ గాలిని వదిలేశాను. జలాశయం మీద గంటకు 70 కిలోమీటర్ల గాలి వీచిందనుకున్నా, ఇరవై కిలోమీటర్ల పొడవు, ఇరవై మీటర్ల లోతు వేసుకుంటే లేచేది పది సెంటీమీటర్లు. మిగతా తప్పుల ముందు అదొక లెక్క కాదు.

ఆ మిగతా తప్పుల్లో పెద్దది నేల ఎత్తు. ఉచితంగా దొరికే ఎత్తుల మ్యాపులు, అమెరికా స్పేస్ షటిల్ 2000 ఫిబ్రవరిలో రాడార్‌తో తీసినదైనా, మన ఇస్రో సైటు భువన్‌లో దొరికే కార్టోడెమ్ అయినా, ముప్పై మీటర్లకు ఒక అంకె ఇస్తాయి. ఆ అంకెలో మీటర్ల తేడా ఉండొచ్చు. పైగా రాడార్ జలాశయం అడుగును చూడలేదు, ఆ రోజు నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో దాన్నే నేల అని రాసింది. నది ఒడ్డున సర్కారు తుమ్మ గుబురుగా పెరిగిన చోట చెట్టు కొమ్మలను నేలగా లెక్కేసింది. అలంపూర్ చుట్టూ జలాశయం నీళ్లు రాకుండా కట్టిన రక్షణ గోడ ఆ మ్యాపుల్లో కనిపించనే కనిపించదు. ముప్పై మీటర్ల గడిలో అంత సన్న గోడ ఎక్కడ కనిపిస్తుంది? కర్నూలు హైవే కట్ట మాత్రం కనిపిస్తుంది, దాని కింది తూములు కనిపించవు. అలాగే వదిలేస్తే మోడల్‌లో ఆ కట్ట ఒక ఆనకట్ట అయి కూర్చుంటుంది.

కాబట్టి ఊరి వరకు లెవెల్ మిషన్ పెట్టి వీధి వీధీ కొలిచాం. తూములు ఒక్కొక్కటి దిగి చూసి, వెడల్పు, అడుగు మట్టం రాసుకున్నాం. సగం తూములు పూడుకుపోయి ఉన్నాయి. వీధులు కొలుస్తుంటే ఇంకొకటి బయటపడింది. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోయి, కింది వీధిలో రోడ్డు ఇళ్ల గడపల కన్నా పైకి వచ్చింది. ఇప్పుడు రోడ్డు మీదికి ఎక్కిన నీళ్లు నేరుగా ఇంట్లోకి దిగుతాయి, మళ్లీ బయటికి పోవు.

ఎత్తుల విషయంలో ఇంకో చిక్కు. జీపీఎస్ చూపే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, ఒక ఊహా గోళం నుంచి. దక్షిణ భారతంలో ఈ రెండింటికీ తేడా 70 మీటర్ల పైమాటే. దాన్ని సరిచేసే పట్టికలున్నాయి కానీ, నాకు కావాల్సింది అంతకన్నా సూటిది. శ్రీశైలం డ్యామ్ దగ్గర 885 అడుగులు అన్నప్పుడు, ఈ ఊరి రేవులో ఏ మెట్టు? జలాశయం నిండుగా ఉండి, ఇన్‌ఫ్లో దాదాపు ఆగిపోయి, గాలి లేని పొద్దున చూసుకుని రేవులో నీటి అంచును లెవెల్‌తో కొలిచాం. ఆ రోజు డ్యామ్ మట్టం అందరికీ తెలిసేదే. నిలకడ నీరు డ్యామ్ నుంచి రేవు దాకా దాదాపు ఒకే ఎత్తున ఉంటుంది. ఆ ఒక్క కొలతతో డ్యామ్ అడుగులూ, ఊరి మీటర్లూ కలిశాయి. నడిగడ్డలో పనిచేసే ఏ సర్వేయరైనా చేసుకోదగ్గ పని ఇది, దీనికి పైసా ఖర్చు లేదు.

జలాశయం బల్లపరుపు కాదు

నిలకడగా ఉన్నప్పుడు బల్లపరుపే. వరదలో కాదు. సంగమేశ్వరం దాటాక, సోమశిల దగ్గర నుంచి కృష్ణ నల్లమల కొండల మధ్య ఇరుకు దారిలో దూరుతుంది. లక్షల క్యూసెక్కులు ఆ ఇరుకులోంచి పోవాలంటే పైన నీళ్లు ఎత్తుకోవాలి. డ్యామ్ దగ్గర 896.5 అంటే, కృష్ణా తుంగభద్రలు కలిసే సంగమం దగ్గర అంతకన్నా ఎక్కువే. అందుకని దిగువ హద్దును సంగమం దగ్గర పెట్టకుండా డ్యామ్ దాకా తీసుకుపోయాను. కొండల నడుమ భాగాన్ని ఒకే దిక్కు లెక్కతో, అడ్డకోతలతో (నదిని అడ్డంగా కోసినట్టు చూపే కొలతలతో) నడిపి, సోమశిలకు ఎగువన రెండు దిక్కుల వలకు కలిపాను.

అడ్డకోతలకు డ్యామ్ కట్టక ముందటి టోపో షీట్లు (నేల ఎత్తులు చూపే సర్వే మ్యాపులు) దొరికాయి. కానీ ఆ నది అడుగు ఇప్పుడు లేదు. మొదట్లో 308 టీఎంసీలు పట్టిన శ్రీశైలం ఇప్పుడు పట్టేది 215 టీఎంసీల పైచిలుకు. తొంభై టీఎంసీల చోటు మట్టితో నిండింది. నదులు నెమ్మదించే చోట, అంటే జలాశయం తల దగ్గర, మట్టి ముందు దిగుతుంది. అందుకని మోడల్‌ను రెండు రకాల నది అడుగులతో నడిపాను, ఒకటి పాత షీట్ల ప్రకారం, రెండోది మేట వేసిన అడుగు. నిండు జలాశయానికి పెద్ద వరద తగిలినప్పుడు ఊరి దగ్గర రెండింటికీ తేడా పెద్దగా లేదు. జలాశయం ఖాళీగా ఉండి మామూలు వరద వచ్చినప్పుడే తేడా తెలిసింది. జనాన్ని లేపాల్సిన వరదలో మేట వల్ల కథ మారదు కాబట్టి, అక్కడితో దాన్ని వదిలేశాను.

వలలో గడి ఊరి దగ్గర 25 మీటర్లు, దూరంగా వంద. తొమ్మిది మీటర్ల లోతు నీళ్లలో అల సెకనుకు తొమ్మిది మీటర్లు దాటి పోతుంది. అది ఒక గడిని దాటేలోపు లెక్క ఒక అడుగు వేయాలంటే రెండున్నర సెకన్లకు మించి ఆగకూడదు. లాప్‌టాప్ రాత్రంతా బుసలు కొడుతుంది, అంతే. గరుకుదనం అంకెలు, అంటే నేల నీళ్లను ఎంత అడ్డుకుంటుందో చెప్పేవి, అందరూ వాడేవే. నది గర్భానికి 0.03, పత్తి చేలకు 0.045, ఇళ్ల మధ్య 0.1. తుమ్మ పొదలకు నేను ఇంకా ఎక్కువ ఇచ్చాను. వేసవిలో ఆ పొదల్లో నడిచి చొక్కా చింపుకున్నవాడెవడూ 0.05 వేయడు.

గీతలు

2009 నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో తేల్చడానికి ఇంటింటికీ తిరిగాం. అందరూ గోడ మీద గీత చూపిస్తారు. ఆ గీతలన్నిటినీ నమ్మడానికి లేదు. అక్కడి పాత ఇళ్లు మట్టి మిద్దెలు. మట్టి గోడ నీళ్లను పీల్చి పైకి లాగుతుంది, చెమ్మ గీత నీటి గీత కన్నా జానెడో మూరెడో పైన తేలుతుంది. ఒకే వీధిలో పక్క పక్క ఇళ్లలో ఇంత తేడా ఉంటే ఒకటి మట్టిది, ఒకటి రాతిదని చూడకుండానే చెప్పొచ్చు. నమ్మదగ్గవి పీల్చుకోని వస్తువులు. బడిలో ఇనుప బీరువా మీద తుప్పు అడ్డంగా ఒకే తీరుగా పట్టింది, దాని కింద పుస్తకాల అరలో ఎండిన ఒండ్రు ఇంకా ఉంది. గుడి రాతి స్తంభం మీద గీత. కరెంటు స్తంభం మీద ఊరి కుర్రాడొకడు అప్పుడే రాయితో గీకిన గుర్తు. వీటిని లెవెల్‌తో కలిపితే మూడూ ఒకే మట్టానికి వచ్చాయి. వాగు ఒడ్డు నుంచి ఊరి ఆ చివర దాకా నీళ్లకు వాలు లేదు! పారే నీరైతే వాలు ఉండాలి. పెద్దాయన చెప్పింది లెవెల్ మిషన్ కూడా చెప్పింది.

దిగువ హద్దుకు అసలు మట్టం ఇచ్చి నడిపాక, మోడల్ నీళ్లు ఆ మూడు గుర్తులకు ఒక అడుగు లోపల వచ్చి నిలిచాయి. అదే వరదను, అదే నేల మీద, నీళ్లు తమ దారిన పోతాయన్న పాత హద్దుతో నడిపితే కింది వీధి పొడిగా ఉంది. గోడ మీది మ్యాప్‌కూ, 2009కీ తేడా ఆ హద్దొక్కటే. ఎగువకు పోయే కొద్దీ ఆ తేడా సన్నగిల్లి, సుంకేసుల బ్యారేజీకి చేరకముందే లేకుండా పోతుంది. రాజోలి మునక వేరే రకం, అక్కడ ఈ లెక్క పనికిరాదు. నడిగడ్డ అంతటికీ ఒకే మ్యాప్ గీయబోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

వేగం లేని ప్రమాదం

ముంపు ప్రమాదాన్ని లోతును వేగంతో గుణించి రంగులేయడం వాడుక. మనిషి కొట్టుకుపోతాడా, బండి కొట్టుకుపోతుందా అన్నదానికి అది బాగానే ఉంటుంది. ఈ ఊరికి ఆ లెక్క వేస్తే కింది వీధికి మళ్లీ తక్కువ ప్రమాదం అని వస్తుంది, ఎందుకంటే వేగం సున్నాకు దగ్గర. ఇళ్లు కూలింది ఆ వీధిలోనే. మట్టి మిద్దెను నీళ్లు తోసి పడేయలేదు. పునాది పక్కన మట్టి నాని, గోడ మెత్తబడి, పైనున్న మిద్దె బరువుకు కుంగింది. చాలా ఇళ్లు నీళ్లు దిగిపోయే వేళకు కూలాయని ఆడవాళ్లు చెప్పారు. సామాన్లు తెచ్చుకోవడానికి అప్పుడే లోపలికి పోతారు.

అందుకని పంచాయతీకి ఇచ్చిన మ్యాప్‌లో రంగు లోతుకు వేయలేదు, ఎన్ని గంటలు నీళ్లు నిలుస్తాయన్నదానికి వేశాను. అది కూడా శ్రీశైలం మీదే ఆధారపడింది. జలాశయం దిగితేగానీ వాగు దిగదు. పాత మట్టి మిద్దెలను ఊరి కుర్రాళ్లే లెక్కపెట్టి మ్యాప్ మీద గుర్తుపెట్టారు. నీళ్లు తగ్గాక కూడా వాటిలోకి ఎవరినీ పోనీయకూడదని దండోరా వేయించడం సర్పంచ్‌గారి ఆలోచన. నా మోడల్‌లో లేని జాగ్రత్త అది.

గోడ మీద పట్టిక

వరద వచ్చే రాత్రి లాప్‌టాప్ తెరిచి మోడల్ నడపడం అయ్యే పని కాదు. కరెంటు ఉండదు, నేను ఆ ఊర్లో ఉండను. ఇన్‌కాయిస్ సునామీకి చేసినట్టే ముందే లెక్కలు వేసి పెట్టాం. శ్రీశైలం మట్టాలు 875, 880, 885, 890, 896 అడుగులు ఒకవైపు. సుంకేసుల నుంచి వదిలే నీళ్లు లక్ష నుంచి ఐదు లక్షల క్యూసెక్కుల దాకా ఇంకోవైపు. కృష్ణ వైపు జూరాల నుంచి వచ్చేదాన్ని తక్కువ, ఎక్కువ అని రెండుగా పెట్టాను. ప్రతి గడిలో రాసింది మీటర్లు కాదు, రేవులో ఏ మెట్టు మునుగుతుంది, వాగు తూము మునుగుతుందా, కింది వీధిలో ఎవరి గడప దాకా వస్తుంది.

పట్టిక చూస్తే ఒకటి కళ్లకు కొడుతుంది. శ్రీశైలం 875లో ఉంటే, సుంకేసుల నుంచి మూడు లక్షలు వచ్చినా ఊరికి దిగులు లేదు. శ్రీశైలం 890 దాటితే, లక్ష వచ్చినా వాగు వెనక్కి తిరుగుతుంది. ఊరివాళ్లకు ఇన్నాళ్లూ అలవాటు సుంకేసుల గేట్లు ఎన్ని ఎత్తారో ఫోన్లలో కనుక్కోవడం. ఇప్పుడు శ్రీశైలం మట్టం కూడా చూడమని చెప్పాం. 885 దాటి ఇంకా పెరుగుతుంటే, పైనుంచి ఎంత వస్తున్నా, కింది వీధి లేవాలి. ఉప్పెన తీరంలో ఇది ఎవరికీ కొత్త కాదు. వాళ్లు నదిని చూడరు, సముద్రాన్ని చూస్తారు.

కొత్త బడి గదుల జాగా ఎక్కువ చర్చ లేకుండా తేలింది, హైవే వైపు పైనున్న ఇనాం భూమి పక్కన. చర్చంతా తూము దగ్గరే వచ్చింది.

ఊరి వాన నీళ్లు వాగులోకి పోయే తూము ఒకటుంది. వాగు వెనక్కి తిరిగితే నీళ్లు ఊర్లోకి వచ్చేది మొదట ఆ తూములోంచే. దానికి వాగు వైపు ఒక రెక్క గేటు పెడితే, వాగు ఎత్తుకున్నప్పుడు దానంతటదే మూసుకుంటుంది. మోడల్‌లో పెట్టి చూశాను. శ్రీశైలం 890 దాకా కింది వీధి బతికింది. అయితే 2009 లాంటి వరదలో ఊర్లో కూడా వాన పడుతుంటుంది. గేటు మూసుకుంటే ఆ వాన నీళ్లకు దారి ఉండదు, ఇటువైపు నిలిచి అదే వీధిని ముంచుతాయి, కాకపోతే కాస్త ఆలస్యంగా. అంటే గేటుతో పాటు డీజిల్ పంపు కావాలి, పంపుకు ఎత్తైన దిమ్మె కావాలి, డీజిల్ ఎవరు పోస్తారన్నది తేలాలి. గేటు ఒక్కటే చాలని సగం మంది, పంపు లేకుండా గేటు వద్దని సగం మంది. తూము మీద గేటు పెడితే దాని కింద కొట్టుకొచ్చే ప్లాస్టిక్, తుమ్మ కొమ్మలు ఇరుక్కుని అది మూసుకోనే మూసుకోదని ఒక పెద్దమ్మ అన్నది. ఆ మాట నిజం, దాన్ని మోడల్ లెక్కించలేదు. ఎగువన ఇనుప జాలీ వేసి, దానికి పట్టిన చెత్తను వానాకాలానికి ముందు తీసేవాళ్లను పెట్టుకోవాలని నివేదికలో చేర్చాను. గేటుకు, పంపుకు, జాలీకి విడివిడిగా అంచనాలు ఇచ్చాం. పంచాయతీ ముందుగా జాలీకి, తూముల పూడిక తీతకు డబ్బు కేటాయించింది.